దెబాల్త్‌సెవె: ఒక్క రోడ్డు

శత్రువు చుట్టుముట్టిన చోటుని రష్యన్‌లో ‘కొత్యోల్’ అంటారు. అంటే కాగు. మనిళ్ళల్లో నీళ్ళు కాచుకునే కాగే.

2015 జనవరి మ్యాపులో దెబాల్త్‌సెవె మాత్రం సంచిలా కనిపిస్తుంది. మూడు వైపులా రష్యా మద్దతున్న వేర్పాటువాదులు. సంచి మూతి దగ్గర అర్త్యోమివ్‌స్క్ వైపు పోయే ఎం-03 రోడ్డు. వేలమంది ఉక్రెయిన్ సైనికులకి తిండి, డీజిల్, తూటాలు ఆ దారినే రావాలి, గాయపడ్డవాళ్ళు ఆ దారినే పోవాలి. సర్వర్లు చూసుకుని బతికే నాకు ఈ బొమ్మ చూస్తేనే గుబులు. ఒక్కటే లింకు, బ్యాకప్ లేదు.

ఫిబ్రవరి 9న ఆ రోడ్డు మీదున్న లొహ్‌వినొవె అనే చిన్న ఊరు పోయింది. 12న మిన్‌స్క్ ఒప్పందం. 15 నుంచి కాల్పుల విరమణ అన్నారు గానీ, ఒప్పందంలో దెబాల్త్‌సెవె పేరే లేదు! చుట్టుముట్టారని పుతిన్, లేదని పొరొషెంకో. మాటమీద మాట. ఆ తేడా దౌత్యవేత్తలకి ముఖ్యమేమో, డీజిల్ లారీ నడిపేవాడికి కాదనుకుంటాను.

18న సైనికులు హైవే వదిలేసి, పొలాలకి అడ్డంపడి బయటికొచ్చారు. అందరూ కాదు. చేరింది అర్త్యోమివ్‌స్క్‌కే. 2016లో దాని పాత పేరు బాఖ్‌ముత్ తిరిగొచ్చింది. 2023కల్లా ఆ ఊరూ చాసివ్ యార్ వైపు దారి మీదే వేలాడింది.