అయస్కాంత హైడ్రోజెల్ అధిశోషకాలు

నీటిలో కరిగిన యాంటీబయాటిక్ అవశేషాలను తమ ఉపరితలంపై పట్టి ఉంచేందుకు రూపొందించిన పదార్థాలలో (అధిశోషకాలలో) అయస్కాంత హైడ్రోజెల్ ఒకటి. నీరు పీల్చి ఉబ్బే పాలిమర్ అల్లికలో మాగ్నటైట్ అనే ఐరన్ ఆక్సైడ్ నానో కణాలను పొదిగి దీన్ని తయారుచేస్తారు. పని ముగిశాక అయస్కాంతంతో నీటి నుంచి వేరుచేయవచ్చు. దీనిపై కృషి చాలావరకు ప్రయోగశాలల్లోనే సాగుతోంది.

నేపథ్యం

హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరు ఔషధ పరిశ్రమలకు కేంద్రం. సుమారు 90 పరిశ్రమల వ్యర్థజలాలు చేరే అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో, శుద్ధి తర్వాత కూడా, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే గరిష్ఠ స్థాయికన్నా ఇది ఎక్కువ. పరిసరాల్లోని చెరువులు, బావుల్లోనూ ఔషధ అవశేషాలున్నట్టు 2009 నాటి అధ్యయనం చూపింది. ఇలాంటి నీటిలో మందుకు లొంగని బాక్టీరియా బతికి వృద్ధి చెందుతుంది.

తయారీ

ఫెర్రిక్, ఫెర్రస్ లవణాలను 2:1 నిష్పత్తిలో కరిగించి అమ్మోనియా కలిపితే నల్లని మాగ్నటైట్ అవక్షేపిస్తుంది. దీన్ని సముద్రపు నాచు నుంచి తీసిన సోడియం ఆల్జినేట్ ద్రావణంలో కలిపి, కాల్షియం క్లోరైడ్ నీటిలో చుక్కలు చుక్కలుగా వదిలితే ప్రతి చుక్కా గట్టిపడి నల్లపూసలా మారుతుంది. రొయ్య పెంకుల నుంచి లభించే కైటోసాన్‌నూ వాడతారు.

పనిచేసే తీరు

విద్యుదావేశాల ఆకర్షణ, హైడ్రోజన్ బంధాలు యాంటీబయాటిక్ అణువులను జెల్‌కు అతుక్కునేలా చేస్తాయి. టెట్రాసైక్లిన్ ఇనుముతోనూ బంధం ఏర్పరుస్తుంది. నీటి పీహెచ్ మారితే అణువు ఆవేశం మారుతుంది కనుక పట్టు కూడా మారుతుంది. ఆమ్లం, క్షారం లేదా ఆల్కహాల్‌తో కడిగి జెల్‌ను మళ్లీ వాడవచ్చు.

పరిమితులు

పరిశ్రమల నీటిలో లవణాలు ఎక్కువ. అవి జెల్‌పై చోటు కోసం మందుతో పోటీపడతాయి. గాఢ ఆమ్లంలో ఇనుము కరిగి నీటిలోకి వస్తుంది. పైగా అధిశోషణం మందును పట్టుకుంటుందే తప్ప నాశనం చేయదు. జెల్‌ను కడిగిన ద్రవంలో అదే మందు మరింత గాఢంగా ఉంటుంది. దాన్ని దహనం ద్వారానో, ఓజోన్ వంటి ఆక్సీకరణ పద్ధతులతోనో నిర్మూలించాలి.

ఫ్లోరైడ్ తొలగింపుతో పోలిక

ఆంధ్రప్రదేశ్‌లోని మార్కాపురం, కనిగిరి తదితర ప్రాంతాల భూగర్భజలాల్లో ప్రధాన సమస్య ఫ్లోరైడ్. యాక్టివేటెడ్ అల్యూమినాతో దాన్ని తొలగించడమూ అధిశోషణమే. అయితే ఫ్లోరైడ్ రాళ్ల నుంచి నీటిలోకి వస్తుంది, అందుకే తాగేచోట శుద్ధి చేస్తే సరిపోతుంది. యాంటీబయాటిక్ విషయంలో అలా కుదరదు. నీరు బిందెలోకి చేరేలోపే వాగుల్లో మొండి బాక్టీరియా పెరుగుతుంది. అందువల్ల ఆ మందును కర్మాగారం గడప దాటకముందే పట్టుకోవాలి.

నియంత్రణ

ఔషధ పరిశ్రమల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు విధిస్తూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా విడుదల చేసింది. 2021 నాటి తుది నిబంధనల్లో ఆ పరిమితులకు చోటు దక్కలేదు. ఈ అంశంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో మార్గదర్శకాలు వెలువరించింది.