సంచి గట్టిపడాలి

రాత్రి 2.10. మీరు పెనుకొండ ప్రభుత్వాసుపత్రి కాన్పుల గదిలో డ్యూటీ నర్సు అనుకోండి. ఇప్పుడే ఆడపిల్ల పుట్టింది, గట్టిగానే ఏడ్చింది. తల్లికి ఇరవై రెండేళ్లు. మెట్టినిల్లు ధర్మవరం, మగ్గాల ఇల్లు. తొలి కాన్పుకని పుట్టింటికి వచ్చింది. తలుపు బయట వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

బిడ్డను తల్లి రొమ్ముల మీద పడుకోబెట్టారు. నిమిషం లోపే, గర్భసంచి ముడుచుకోవడానికి, తల్లి తొడకు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇచ్చారు. ఆ మందు ఫ్రిజ్‌లోంచి తీసిందేనా? తీసిందే. మే నెల ఎండలో కిటికీ గట్టు మీద పడున్న ఆంప్యూల్‌ను నమ్ముకుంటే కొంపలు మునుగుతాయి. సాయంత్రం కరెంటు పోతే దాన్ని ఐస్ ప్యాక్‌ల మధ్యకు మార్చింది మీరే.

మాయ పడింది. పళ్లెంలో పరిచి వెలుగులో చూస్తారు. ముక్క ఎక్కడా తెగిపోలేదు. ఇప్పుడు కడుపు మీద చెయ్యి వెయ్యండి. బొడ్డు దగ్గర గర్భసంచి కొబ్బరికాయలా గట్టిగా తగలాలి.

తగలడం లేదు. అరచేతి కింద అంతా మెత్తగా ఉంది.

నడుం కింద పరిచిన ప్లాస్టిక్ షీటుకు చివర సంచి ఉంటుంది, దాని మీద గీతలు. రక్తం 300 మిల్లీలీటర్ల దగ్గరుంది. ఈ గీతల్లేని రోజుల్లో తడిసిన గుడ్డలు చూసి అంచనా కట్టేవాళ్లు. కంటి అంచనా తక్కువే చెబుతుంది. మన పొరుగున కర్ణాటకలో, బెళగావి జిల్లా పల్లెల్లో 2002–2005 మధ్య 1,620 మంది బాలింతలకు ఇలాంటి షీటుతోనే రక్తం కొలిచారు. కొలిచింది పెద్ద డాక్టర్లు కాదు, ఏఎన్ఎంలు. కాన్పు కాగానే వాళ్లు మింగించిన మిసోప్రోస్టాల్ బిళ్ళలతో 500 మిల్లీలీటర్లు దాటే రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి దిగింది. కొలిచారు కాబట్టే ఆ తేడా తెలిసింది. అందుకే గీత చూడండి, గుడ్డ కాదు.

గీత 400 దాటింది.

కార్డు తిప్పండి. హిమోగ్లోబిన్ 8.2. ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి ఉంది. ఐరన్ మాత్రలిస్తే కడుపులో తిప్పుతోందని మానేసిందట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో సగానికి పైగా ఈ పిల్లలాగే రక్తహీనత ఉన్నవాళ్లే. ఒంట్లో రక్తం నిండుగా ఉన్న మనిషి అర లీటరు పోయినా తట్టుకుంటుంది. ఈమె తట్టుకోలేదు. మీకున్న సమయం మిగతా వాళ్లకంటే తక్కువ.

కేకెయ్యండి. మొహమాటం వద్దు.

"ఆయమ్మా! డాక్టరమ్మను లేపు! ఎమర్జెన్సీ ట్రే!"

ఒక చెయ్యి కడుపు మీదే ఉంచండి. రుద్దండి. గుండ్రంగా, గట్టిగా. గడ్డలు బయటికొస్తాయి. రానివ్వండి. రెండో నర్సు సూదులు గుచ్చుతోంది. కుడి చేతికి ఒకటి, ఎడమ చేతికి ఒకటి. లావు సూదులే. సెలైన్ ఒకవైపు. ఆక్సిటోసిన్ కలిపిన సెలైన్ ఇంకోవైపు. రక్తం కారడం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ ఒక గ్రాము, పది నిమిషాల్లో, నరంలోకి. మూత్రసంచి నిండి ఉందేమో? అది నిండితే గర్భసంచి ముడుచుకోదు. గొట్టం వెయ్యండి. చిరుగులేమైనా ఉన్నాయా? లైటు దగ్గరికి లాగండి. లేవు.

ఒకటయ్యాక ఒకటి చేసి చూడొచ్చు కదా, అన్నీ ఒక్కసారే ఎందుకు? పాత పద్ధతి అదే. ఒక మందు, కాసేపు ఎదురుచూపు, మరో మందు. ఆ ఎదురుచూపులోనే ప్రాణాలు పోయేవి. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రులతో చేసిన 'ఈ-మోటివ్' అధ్యయనం 2023లో వచ్చింది. రక్తాన్ని గీతల షీటుతో కొలిచి, చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టిన చోట, తీవ్ర రక్తస్రావం, దాని కోసం కడుపు కోయడం, దానివల్ల చావు కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. కొత్త మందేదీ కనిపెట్టలేదు. ఉన్నవే, ఆలస్యం లేకుండా.

550.

నాడి 118. బీపీ 100/60. బీపీ పర్వాలేదనిపిస్తుంది. నమ్మకండి. పడుచు ఒళ్లు చివరిదాకా దాచిపెడుతుంది. నాడి అంకె బీపీ పై అంకెను దాటిందంటే లోపల పరిస్థితి బాగాలేదనే.

"సిస్టరమ్మా, ఏంటికి ఇంత రక్తం?" తలుపు దగ్గర్నుంచి వాళ్లమ్మ.

జవాబు చెప్పే తీరిక లేదు. అయినా చెప్పండి. "సంచి ముడుచుకోవడం లేదమ్మా. మందులు ఎక్కిస్తున్నాం. పాపను నువ్వు ఎత్తుకో."

ట్రేలో మెథర్జిన్ ఉంది. సంచిని బిగించే మందు. చెయ్యి దాని మీదికి పోతుంది. ఆగండి. కార్డు మళ్లీ చూడండి. తొమ్మిదో నెలలో బీపీ 150/100. ఇలాంటి మనిషికి మెథర్జిన్ ఇస్తే బీపీ ఒక్కసారిగా ఎగబాకి మెదడుకే ముప్పు. పక్కన పెట్టండి. మిసోప్రోస్టాల్ తీయండి. 800 మైక్రోగ్రాములు, నాలుక కింద.

ఆమె వణుకుతోంది. మందు వల్లే. దుప్పటి కప్పండి.

650.

పెదాలు తెల్లబడ్డాయి. "చీకట్లు కమ్ముతాండాయి" అంటోంది. మాట ముద్దగా వస్తోంది.

గ్లౌజు మార్చండి. పిడికిలి లోపలికి. రెండో చెయ్యి పైన. మధ్యలో సంచి. నొక్కండి. మీ మోచేతులు వణుకుతాయి. వదలకండి. వెన్ను లాగుతుంది. వదలకండి. గడియారం చూడకండి. గీత చూడండి.

700.

డాక్టరమ్మ వచ్చారు. ఆమె చేతిలో కేథటర్, దాని కొసకు దారంతో కట్టిన కండోమ్. నవ్వొస్తుందా? ఢాకాలో సయేబా అఖ్తర్ అనే డాక్టరమ్మ దీన్ని మొదలుపెట్టారు. ఖరీదైన బెలూన్ కొనలేని ఎన్నో ఆసుపత్రులకు అదే దిక్కయింది. లోపల పెట్టి సెలైన్‌తో నింపుతున్నారు. 200. 300. 350.

గీత కదలడం లేదు.

ఇంకో నిమిషం చూడండి. కదలడం లేదు. 750 దగ్గర ఆగింది. అరచేతి కింద సంచి నెమ్మదిగా బిగుస్తోంది.

గండం గడవలేదు. ఈమెకు రక్తం కావాలి. ధర్మవరం నుంచి భర్త ఫోన్లో అరుస్తున్నాడు: "అనంతపురం తీసకపోదాం సిస్టర్, పెద్దాసుపత్రి!" అతని కంగారు న్యాయమే. కానీ అనంతపురం 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. హిందూపురం అందులో సగమే. పేరు చూసి కాదు, రక్తం చూసి బండి ఎక్కించాలి. ముందు హిందూపురం ఆసుపత్రికి ఫోన్. "ఓ పాజిటివ్ రెండు బాటిళ్లున్నాయా?" ఉన్నాయి. "తీసి పెట్టండి, వస్తున్నాం." ఆ తర్వాతే 108. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ నంబరు ఇప్పుడు రాయలసీమ పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

బండిలో మీరూ ఎక్కండి. బెలూన్‌తో పంపే బాలింతను ఒంటరిగా పంపకూడదు. పదిహేను నిమిషాలకోసారి కడుపు మీద చెయ్యి, కింద ప్యాడ్, చేతికి నాడి. సోమందేపల్లి దగ్గర హైవే దిగేసరికి నాడి 104.

అప్పుడు ఎదురు సీటు వైపు చూస్తారు. ఒళ్లో మనవరాలు. బండిలో ఏసీ చల్లగా ఉంది. అమ్మమ్మ మెడ, రవిక తడిసి ముద్దయ్యాయి.

"భయం సిస్టరమ్మా." కాసేపాగి, "ఇట్లా రోజూ వస్తాంది లే. రాత్రిళ్లు నిద్ర ఉండదు. ఐదారేండ్లాయ."

వయసెంత? నలభై నాలుగు. నెలసరి? "ఎప్పుడో సంచి తీయించేసినా. తెల్లబట్ట అయితాంటే, ఇట్లే పెట్టుకుంటే క్యాన్సర్ అయితాదన్నారు. అప్పుడు ముప్పై రెండో, మూడో."

ఇది ఈ ఒక్క ఇంటి కథ కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. తెల్లబట్టకు పరీక్ష ఉంది, మందులున్నాయి. చాలామందికి అవి చెప్పేవాళ్లే దొరకలేదు. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడగడం ఆ రోజే మొదలు. ఉంచినా, కొందరిలో అవి ముందే పనిచేయడం మానేస్తాయి. ఎముకలు గుల్లబారతాయి. గుండె జబ్బు తొందరగా తలుపు తడుతుంది. ఈ వేడి ఆవిర్లు, చెమటలు పైకి కనబడేవి మాత్రమే.

కూతురి కార్డులోని 150/100 గుర్తుంది కదా. "మీ ఇంట్లో బీపీ ఎవరికైనా ఉందామ్మా?"

"మా యమ్మకు ఉండె. పక్షవాతం వచ్చి పోయె."

కఫ్ తీయండి. ఆమె చెయ్యి చాపదు. "నాకేం రోగం? ముందు పాపను చూడు." పాపను చూస్తూనే ఉన్నారు. బిడ్డను ఎడమ చేతికి మార్చుకోమనండి. చుట్టండి.

170/104.

ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి మళ్లీ చూడండి. 166/102. రెఫరల్ చీటీలో కూతురి అంకెల కింద ఆమె అంకెలు రాయండి. తలనొప్పి, ఛాతీలో నొప్పి, చూపు మసకబారడం ఏమైనా ఉన్నాయా అని అడగండి.

"తలనొప్పి ఎప్పుడూ ఉండేదే కదా సిస్టరమ్మా" అంటుంది.