సెపుల్చురా 'రూట్స్': గిటార్ డోలు వెంట నడిచిన ఆల్బమ్

ఇయాల్టి ఎపిసోడ్‌లో ఒక్క ఆల్బమ్ గురించే మాట్లాడుకుందాం. పేరు 'రూట్స్', అంటే వేర్లు. 1996 ఫిబ్రవరిలో వచ్చింది. చేసింది బ్రెజిల్ బ్యాండ్ సెపుల్చురా.

1984లో బెలో హొరిజోంటె నగరంలో మాక్స్, ఇగోర్ కవలేరా అనే అన్నదమ్ములు ఈ బ్యాండ్ మొదలుపెట్టారు. అప్పటికి దేశంలో ఇంకా సైనిక పాలనే. వీళ్లు వాయించింది థ్రాష్ మెటల్: గిటార్ ఉరుకుడే ఉరుకుడు, డ్రమ్ములు దాని వెంట. పాటలు ఇంగ్లిష్‌లో, బాణీ అమెరికా, యూరప్‌లది. 1991 నాటి 'అరైజ్' గొప్ప ఆల్బమే. కానీ కళ్లు మూసుకుని వింటే ఏ దేశపోళ్లో చెప్పలేం.

1993లో 'కేయాస్ ఏ.డి.' వచ్చింది, వేగం తగ్గింది. అంతకుముందు ఏడాది సావో పాలోలోని కరాందిరు జైలులోకి పోలీసులు చొరబడ్డప్పుడు 111 మంది ఖైదీలు చనిపోయారు. ఆ ఘోరం ఇందులో పాటైంది. అంటే బ్యాండ్ చూపు సొంత దేశం మీదికి తిరిగింది.

'రూట్స్' కోసం ఇంకా లోపలికి పోయారు. మాటో గ్రొస్సో రాష్ట్రంలో షవాంతె ఆదివాసీల ఊరికి పోయి, వాళ్లతో కూర్చొని, వాళ్ల పాటకు కరెంటు లేని గిటార్ జోడించి 'ఇట్సారీ' రికార్డు చేశారు. షవాంతె భాషలో ఆ మాటకు అర్థం కూడా వేర్లే! 'రతమహత్తా' అనే పాటలో బహియా కళాకారుడు కార్లిన్హోస్ బ్రౌన్ గొంతు, తాళవాద్యాలు వినిపిస్తాయి.

మన కొడకండ్ల దిక్కు వాళ్లకు ఈ సంగతి జల్ది అర్థమైతది. ఎందుకంటే మన జనగామ జిల్లా మాణిక్యపురం నుంచే ఒగ్గుకథ దిగ్గజం చుక్క సత్తయ్య వచ్చిండు. ఒగ్గుకథలో డోలు ఉత్త పక్కవాద్యం కాదు, సగం కథ అదే చెప్తది. 'రూట్స్'లో జరిగింది అసుంటిదే. తీగల శ్రుతి బాగా కిందికి దింపి, స్వరాలు తగ్గించి, గిటార్‌నే డోలులా కొట్టారు.

పాత అభిమానులు కొందరు ఒప్పుకోలేదు. ఫ్యాషన్ వెంట పడ్డారన్నారు. కోర్న్ బ్యాండ్‌కు పనిచేసిన రాస్ రాబిన్సనే దీనికీ నిర్మాత, కాబట్టి ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. కానీ షవాంతె గొంతులు ఏ ఫ్యాషన్‌లోనూ లేవు కదా.

అదే ఏడాది డిసెంబరులో, మేనేజర్ విషయంలో గొడవై, మాక్స్ బ్యాండ్ వదిలేశాడు. మళ్లీ 2016లో అన్నదమ్ములిద్దరూ కలిసి ఇదే ఆల్బమ్‌ను వేదికల మీద వాయించారు.

కొత్తగా వినేవాళ్లు ముందు 'ఇట్సారీ' పెట్టుకోండి, తర్వాత 'రతమహత్తా'. ఇయర్‌ఫోన్ మాత్రం మంచిది కావాలి, ఫోన్ స్పీకర్‌లో ఆ డోలు వినపడదు.