అర్జీ ఎవరి చేతికి?

జాతీయ మానవ హక్కుల కమిషన్ తన పనిని ఏయే శాఖలుగా పంచుకొన్నదో తెలుపుట ఈ ప్రసంగమున మా ఉద్దేశము. శాఖలు, ఉద్యోగులు, కాగితములు అనగానే ఇది రుచిలేని విషయమని శ్రోతలకు తోచవచ్చును. కాని ఏ పని ఏ కచేరిలో జరుగవలెనన్న ఈ ప్రశ్న వెనుక మన రైతులు పడిన పాతబాధ ఒకటి కలదు. అది ఎట్టిదో మడకశిర సీమనుండి చూచినచో బాగుగా బోధపడును.

మూడు దిక్కుల కన్నడదేశము చుట్టియున్న పీఠభూమి మడకశిర. సమీపమున నున్న హేమావతి ఒకప్పుడు నొళంబరాజులకు రాజధాని. ఆ కాలమునుండియు ఇచ్చటి సేద్యమునకు చెరువే దిక్కు. చెరువు నిండినయేడు వక్కతోటలు, కొబ్బరితోటలు పచ్చగా నుండును. వాన ముఖము చాటువేసినయేడు రాగిపైరు కూడ చేతికి రాదు. చెరువు ఎండినను శిస్తు ఎండదు. ఆ శిస్తును అడుగువాడు ఎవడు, వాడు అక్రమము చేసినచో చెప్పుకొనుటకు చోటెక్కడ అనునదే ఈ చరిత్రకు మూలము.

1800 సంవత్సరమున నిజాము దత్తమండలములను కుంఫిణీవారి కప్పగించెను. 1807 వరకు థామస్ మన్రో అచట ప్రిన్సిపల్ కలెక్టరుగా నుండి రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. రైతునకును సర్కారునకును నడుమ జమీందారు లేకుండుట దీనిలోని మేలు. అయితే జమీందారు లేని చోట తహసీల్దారు నిలిచెను. 1816లో మద్రాసు ప్రభుత్వము చేసిన చట్టములవలన కలెక్టరే మేజిస్ట్రేటు ఆయెను. తహసీల్దారు శిస్తు వసూలుతోబాటు పోలీసు అధికారమును గూడ వహించెను. శిస్తు నిర్బంధించువాడును, దొంగను పట్టువాడును, అర్జీని విచారించువాడును ఒక్కడే అయినప్పుడు రైతు గతి ఏమి కావలెను?

ఆ గతిని లోకమునకు చాటినవారిలో ముఖ్యుడు మన తెలుగువాడే. చెన్నపట్టణమున వర్తకుడైన గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠి 1844లో ‘క్రెసెంట్’ పత్రికను, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును స్థాపించెను. శిస్తు వసూలులో రైతులను హింసించుచున్నారని ఆ సంఘము ఆంగ్ల పార్లమెంటునకు విన్నవించెను. 1853లో డాన్బీ సేమూరను పార్లమెంటు సభ్యుడు ఇచ్చటికి వచ్చినప్పుడు లక్ష్మీనరసు అతనిని వెంటబెట్టుకొని పల్లెలు చూపించెను. మరుసటి యేడు జులై మాసమున కామన్సు సభలో ఈ విషయముపై చర్చ జరిగెను. తత్ఫలితముగా 1854లోనే మద్రాసు ప్రభుత్వము ఇలియట్, స్టోక్సు, నార్టన్ అను మువ్వురితో ఒక విచారణసంఘమును నియమించెను. హింసను గూర్చి ప్రజలు స్వయముగా చెప్పుకొనుటకు తెలుగునాట ఏర్పడిన మొదటి పెద్ద అవకాశమిదియే అనవచ్చును.

బాధితులు అర్జీలు పంపవలసినదని ప్రకటనలు వెలువడెను. మొత్తము 1,959 ఫిర్యాదులు వచ్చెను. వానిలో 519 మంది స్వయముగా వచ్చి చెప్పుకొనిరి, తక్కిన 1,440 ఉత్తరములు. వ్రేళ్లను రెండు కట్టెల నడుమ నుంచి నొక్కు కిట్టి, మనిషిని ఎండలో వంగబెట్టి గంటలకొలది నిలుపుట, అన్నపానీయములు లేకుండ నిర్బంధించుట మొదలగునవన్నియు ఆ విచారణలో బయటపడినవి.

1855 ఏప్రిలులో ఇచ్చిన నివేదికయందు సభ్యులు వ్రాసిన ఒక మాట ముఖ్యముగా గమనింపదగినది. హింస కలదన్న నిశ్చయముకన్న, హింస పడినవానికి న్యాయము దొరకుటలోని కష్టమే తమ మనస్సులను ఎక్కువగా కలచినదని వారు చెప్పిరి. అందుకు కారణములను గూడ చూపిరి. కలెక్టరు కచేరి దూరము. పోయిరావలెనన్న ఖర్చు, పనిచెరుపు. వీనిని మించినది మరియొకటి: వ్రాసి పంపిన అర్జీ, తహసీల్దారు విచారించునది అన్న చేవ్రాలుతో మరల ఆ తహసీల్దారు కచేరికే తిరిగి వచ్చునన్న భయము.

మడకశిర ఆనాడు బళ్లారి జిల్లాలోనిది. అనంతపురము జిల్లా 1882లో గాని ఏర్పడలేదు. బళ్లారికి సుమారు నూరుమైళ్లు; చెన్నపట్టణమునకు రెండువందల మైళ్లకు పైమాట. మొదటి దుక్కి దున్నవలసిన దినములలో ఎద్దులను విప్పి, బండి కట్టి, అంతదూరము పోయి అర్జీ ఇచ్చిన రైతు ఇల్లు చేరునప్పటికి, ఆ అర్జీయే అతనికన్న ముందుగా తాలూకా కచేరిలో ఉండుట ఎంత భయంకరమో శ్రోతలే ఊహించుకొనగలరు. చెప్పుకొన్నందుకు మరియొక దెబ్బ. కావున చెప్పుకొనకుండుటయే లోకజ్ఞాన మాయెను.

ఆ నివేదికకు లోపములు లేకపోలేదు. తప్పంతయు దేశీయులైన చిన్న ఉద్యోగులదేయని, దొరల కిందు సంబంధము లేదని అది తేల్చినది. పైనుండి వచ్చు శిస్తు ఒత్తిడిని అది ఆ లెక్కలో చేర్చలేదు. అయినను ఒక మార్పునకు అది దారితీసెను. 1859 నాటి 24వ చట్టముచే మద్రాసు రాజధానిలో పోలీసుశాఖ రెవెన్యూనుండి వేరుపడెను. శిస్తు అడుగు చేయి వేరు, లాఠీ పట్టు చేయి వేరు ఆయెను. కాని పోలీసులపైనే ఫిర్యాదు వచ్చినచో విచారించువారెవరన్న ప్రశ్న అట్లే నిలిచిపోయెను. విచారణసంఘము నివేదిక నిచ్చి ముగిసినది. నిలిచియుండు సంస్థ ఏదియు ఏర్పడలేదు.

అట్టి సంస్థ స్వతంత్ర భారతమున 1993లో ఏర్పడినది. ఆ సంవత్సరపు మానవ హక్కుల పరిరక్షణ చట్టము ననుసరించి అక్టోబరు 12వ తేదీన జాతీయ కమిషన్ నెలకొన్నది. జస్టిస్ రంగనాథ్ మిశ్రా మొదటి అధ్యక్షుడు. దాని పని ముఖ్యముగా అయిదు శాఖలుగా నడచుచున్నది. సెక్రటరీ జనరల్ కార్యనిర్వహణకు పెద్ద. పరిపాలనశాఖ ఉద్యోగులను, ధనమును చూచును. న్యాయశాఖ రిజిస్ట్రారు క్రింద నుండి అర్జీలను నమోదుచేసి, పరిశీలించి, సభ్యుల ముందుంచును. దర్యాప్తుశాఖకు డైరెక్టర్ జనరల్ హోదాగల పోలీసు అధికారి పెద్ద. పరిశోధన, కార్యక్రమముల శాఖ చట్టములను, ప్రజల స్థితిగతులను అధ్యయనము చేయును. శిక్షణశాఖ పోలీసులకు, ఇతర ఉద్యోగులకు, విద్యార్థులకు హక్కులను బోధించును.

వీనిలో మడకశిర రైతు కథకు దగ్గరివి న్యాయశాఖ, దర్యాప్తుశాఖ. అర్జీకి రుసుము లేదు. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనను వ్రాయవచ్చును. తెలుగు, కన్నడము రెండును ఇంటిమాటలైన సీమకు ఇది చిన్న సౌకర్యము కాదు. బళ్లారికి బండి కట్టనక్కరలేదు; తపాలా చాలును. అర్జీ అందిన పిమ్మట కమిషన్ ప్రభుత్వమునుండి నివేదిక కోరవచ్చును. ఇంతవరకు ఇది పాతపద్ధతి వలెనే కనబడును. కాని ఆ నివేదికతో తృప్తిలేనిచో తన దర్యాప్తుశాఖనే పంపవచ్చును. సాక్షులను పిలిపించుటకు సివిలు కోర్టు అధికారములు దానికి కలవు. అర్జీ తిరిగి ఫిర్యాదు పొందినవాని చేతిలోనే ముగియకుండుటకు ఈ ఏర్పాటు.

ఈ సూత్రమును దేశమంతటికి చాటించిన వ్యాజ్యము కూడ మన రాష్ట్రమునుండియే పోయినది. ‘ఎదురుకాల్పుల’ మరణములను గూర్చి ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘము చేసిన ఫిర్యాదులపై కమిషన్ 1996 నవంబరు 5న ఉత్తరువు చేసినది. 1997 మార్చి 29న నాటి అధ్యక్షుడు జస్టిస్ ఎం. ఎన్. వెంకటాచలయ్య ముఖ్యమంత్రులందరికి లేఖ వ్రాసిరి. కాల్పులు జరిపినవారు ఒక ఠాణాకు చెందినవారైనచో, ఆ దర్యాప్తును ఆ ఠాణాకు వదలక సి.ఐ.డి. వంటి వేరొక సంస్థ కప్పగించుట ఉచితమని అందలి ముఖ్యసూచనలలో ఒకటి. 1855 నివేదికలోని తహసీల్దారు చోట ఠాణాను ఉంచి చూడుడు, ప్రశ్న ఒక్కటియే.

సంస్థకు గల హద్దులను గూడ చెప్పక తప్పదు. సంఘటన జరిగి ఏడాది దాటిన పిమ్మట కమిషన్ విచారణకు పూనుకొనరాదు. సైనికదళములపై ఫిర్యాదు వచ్చినచో కేంద్రప్రభుత్వమునుండి నివేదిక కోరి, దానిపై సిఫారసు చేయుటయే దాని అధికారము. తక్కిన విషయములందును అది నష్టపరిహారమును, చర్యను సిఫారసు చేయగలదే గాని శిక్ష విధింపజాలదు. దర్యాప్తుశాఖలోని వారు సైతము ఎక్కువభాగము పోలీసు బలగములనుండి కొంతకాలమునకు వచ్చినవారే. దూరము సంగతియు పూర్తిగా తీరలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర కమిషన్‌కు కర్నూలున కార్యాలయము తెరచిరి. 2022లో మడకశిర శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. కచేరీలు దగ్గరకు జరుగుచున్నను, చదువురాని కూలికి ఉత్తరము వ్రాసిపెట్టు మనిషి ఊరిలో లేనిచో తపాలా పెట్టె కూడ దూరమే.

శాఖల పట్టిక గోడమీద ఎంత చక్కగా నున్నను దాని విలువ తేల్చుటకు మనకు కావలసిన ప్రశ్న ఒక్కటే: ఈ ఊరి అర్జీ బయలుదేరి, మార్గమధ్యమున ఎవరెవరి చేతులు మారి, చివరకు ఎవరి బల్లమీద నిలుచును? అది బాధపెట్టినవాని బల్ల కానంతవరకు, 1854లో ఎద్దులు విప్పి బయలుదేరినవారి శ్రమకు కొంత ఫలితము దక్కినట్లే.