పేము కుర్చీ వెనకాల

పేము కుర్చీలో హాయిగా వాలినప్పుడు దాని ముళ్లు మనకు గుర్తురావు. వెదురుకు చుట్టంలా కనబడినా నిజానికది తాటిచెట్టుకు చెల్లెలు. ఒళ్లంతా ముళ్లతో పక్కచెట్లను పట్టుకుని ఎగబాకే తీగ.

ఇండోనేషియాలో, బోర్నియో ద్వీపపు కాలిమంతాన్ అడవుల్లో దయాక్ రైతులు 1850 ప్రాంతాల నుంచే దాన్ని సాగు చేశారు. అడవి నరికి, కాల్చి, వరి చల్లిన చేలోనే పేము కూడా నాటేవారు. వరి కోతలయ్యాక ఆ చేను మళ్లీ అడవికే వదిలేసేవారు. చెట్లు ఎదిగేవి, వాటి భుజాలెక్కి పేమూ ఎదిగేది. ఏడెనిమిదేళ్లకు కోతకొచ్చేది; కోసినా మళ్లీ చిగురించేది. పిల్ల పెళ్లి కుదిరిందా, ఇంట్లో జబ్బు చేసిందా, వెళ్లి కోసుకురావడమే! మనం పోపులడబ్బాలో దాచుకునే డబ్బులాంటిదన్నమాట.

1986లో ప్రభుత్వం ముడి పేము ఎగుమతిని నిషేధించింది. కుర్చీలు తమ దేశంలోనే తయారు కావాలని ఆశయం. మంచిదే! జావాలో కర్మాగారాలు పెరిగాయి. కాని బయటి బేరం పోయేసరికి అడవిలో ధర పడిపోయింది. 1998లో నిషేధం సడలించారు, 2012లో మళ్లీ బిగించారు. ఇంతలో కొన్నిచోట్ల పేము తోటలు కొట్టేసి పామాయిల్ చెట్లు నాటారు.

నాకు అర్థం కానిదల్లా ఒక్కటే. కుర్చీ అల్లినవాడికి కూలి, అమ్మినవాడికి లాభం దక్కాయి, సరే. తీగ పెంచిన ఇల్లాలి పోపులడబ్బా ఖాళీ చేసిందెవరు?