ప్రాసిక్యూటరు ఎవరి వైపు?

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు అడిగారు. రాజుల గురించీ కోటల గురించీ రాయగల పెద్దలు మనలో ఉన్నారు, నాకు తెలిసింది కోర్టు ఒక్కటేనన్నాను. "అయితే అదే రాయండి" అన్నారు. ముప్పయ్యేళ్ళకు పైబడి జిల్లా కోర్టుల్లో పనిచేసి, అందులో సగం కాలం జడ్జిగారి బల్లకు దిగువన బెంచి గుమాస్తాగా కూర్చున్నవాడిని. అక్కడినుండి చూసిన ఒక సంగతితో మొదలుపెట్టి, దేశమంతా ఎరిగిన ఒక కేసు చరిత్రను మిత్రుల ముందుంచుతాను.

ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో ఒక పల్లెటూరి హత్య కేసు విచారణకు వచ్చింది. ముద్దాయిలు పలుకుబడి గలవారు. ప్రభుత్వం ఆ కేసుకు ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటరును నియమించింది. సాక్ష్యం సగంలో ఉండగా ఎన్నికలొచ్చి ప్రభుత్వం మారింది, దానితోపాటే ప్రాసిక్యూటరూ మారారు. ఆ తర్వాత సాక్షులు ఒక్కొక్కరే మాకేమీ తెలియదంటూ బోను దిగిపోయారు. కొత్తగా వచ్చినాయన వారిని గట్టిగా ఒక్క ప్రశ్న వేయలేదు. ఒకనాటి మధ్యాహ్నం హతుని తల్లి వరండాలో నన్ను ఆపి, "బాబూ, ఆ నల్లకోటాయన మా వైపా, వాళ్ళ వైపా?" అని అడిగింది. "సర్కారు వైపమ్మా" అన్నాను. "మరి సర్కారు ఎవరి వైపు నాయనా?" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది. కేసు కొట్టేశారు. ఆ ఫలితాన్ని రిజిస్టరులో ఎక్కించింది నేనే.

చదువురాని ఆ తల్లి అడిగింది మన చట్టంలోని అసలు చిక్కు. క్రిమినల్ కేసులో నష్టపోయింది ఎవరైనా, కేసు నడిపేది ప్రభుత్వం. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్ ప్రకారం, జిల్లాలో మామూలు పబ్లిక్ ప్రాసిక్యూటరును నియమించాలంటే కలెక్టరు సెషన్సు జడ్జిని సంప్రదించి పేర్ల జాబితా తయారుచేయాలి. ప్రత్యేక ప్రాసిక్యూటరుకు మాత్రం 8వ ఉపసెక్షన్‌లో పదేళ్ళ వకీలు అనుభవం ఉంటే చాలునన్నారు. జడ్జిని సంప్రదించాలన్న మాట అందులో లేదు. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 18వ సెక్షన్‌లోనూ ఈ ఏర్పాటే కొనసాగింది. అంటే, ఎక్కువ జాగ్రత్త అవసరమైన కేసులోనే అడ్డూ ఆపూ తక్కువ.

దీని ఫలితం తమిళనాడు ముఖ్యమంత్రి జయలలితగారి ఆస్తుల కేసులో స్పష్టంగా కనబడింది. 1991 నుండి 1996 వరకు ఆమె పదవిలో ఉన్న కాలంలో ఆదాయానికి మించి 66 కోట్ల 65 లక్షల రూపాయల ఆస్తులు కూడబెట్టారని, డి.ఎం.కె. ప్రభుత్వం వచ్చిన తర్వాత 1997లో చార్జిషీటు దాఖలైంది. 2001 ఎన్నికల్లో ఆమె పార్టీ తిరిగి గెలిచింది. ఇక ముద్దాయి ప్రభుత్వమే ముద్దాయిమీద కేసు నడపాలి! అప్పటికే సాక్ష్యం చెప్పి వెళ్ళిన 76 మందిని మళ్ళీ క్రాస్ ఎగ్జామినేషన్‌కు పిలిపించగా, 64 మంది మొదట చెప్పిన మాట మార్చారు. ప్రాసిక్యూటరు వారిని ప్రతికూల సాక్షులుగా ప్రకటించమని కోరలేదు, తిరిగి ప్రశ్నించనూ లేదు. ఆ పంక్తులు పేపర్లో చదివినప్పుడు నాకు మా కోర్టు వరండా గుర్తుకొచ్చింది.

డి.ఎం.కె. నాయకులు అన్బళగన్‌గారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. రాజకీయ ప్రత్యర్థి వేసిన పిటిషను కదా అన్న అభ్యంతరం వచ్చింది. ప్రతిపక్షం అధికారంలో ఉన్నవారిని కనిపెట్టి ఉండే కావలి వంటిదని కోర్టు ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. 2003 నవంబరు 18న కేసును బెంగుళూరుకు బదిలీ చేస్తూ, కర్ణాటక హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించి అనుభవజ్ఞుడైన సీనియరు న్యాయవాదిని ప్రాసిక్యూటరుగా నియమించాలని ఆదేశించింది. చట్టంలో లేని సంప్రదింపు అలా తీర్పు ద్వారా వచ్చింది. 2005లో బి.వి.ఆచార్యగారు నియమితులయ్యారు. ఏడేళ్ళు కేసు నడిపి 2012లో తప్పుకొన్నారు.

ఇక్కడ మిత్రులు ఒక్క విషయం గమనించాలి. ఆయన తర్వాత 2013లో వచ్చిన భవానీసింగ్‌గారిని, అదే సంవత్సరం ఆగస్టులో కర్ణాటక ప్రభుత్వం తొలగించింది. తొలగించవద్దని సుప్రీంకోర్టుకు వెళ్ళింది ఎవరు? స్వయంగా ముద్దాయి జయలలితగారు. తనమీద కేసు నడిపే వకీలును ఉంచమని ముద్దాయే కోరడం వింతగానే తోస్తుంది. అయినా సుప్రీంకోర్టు ఆ సెప్టెంబరు 30న తొలగింపును కొట్టివేసింది. నియమించడంలో పక్షపాతం ఎంత తప్పో, విచారణ ముగింపుకొచ్చిన వేళ సరైన కారణం లేకుండా తీసివేయడమూ అంతే తప్పన్నమాట. ఆ ప్రాసిక్యూటరు ఉండగానే 2014 సెప్టెంబరు 27న ప్రత్యేక న్యాయమూర్తి కున్హాగారు నాలుగేళ్ళ జైలు, నూరు కోట్ల జరిమానా విధించారు.

అప్పీలు దశలో తమిళనాడు ప్రభుత్వం తానే భవానీసింగ్‌గారిని హైకోర్టులో హాజరు కమ్మని నియమించింది. ఆ అధికారం కర్ణాటకదే గాని తమిళనాడుకు లేదని 2015 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు తేల్చింది. అయితే అప్పటికి వాదనలు ముగిశాయి. తిరిగి వినవలసిన పనిలేదని, కర్ణాటక రాతపూర్వకంగా తన వాదన ఇవ్వవచ్చునని మాత్రం అన్నది. మే 11న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఆ తీర్పులో అప్పుల మొత్తం కూడిక తప్పిందని, సుమారు పదమూడున్నర కోట్లు ఎక్కువ చూపారని వెంటనే బయటపడింది. కర్ణాటక అప్పీలు చేయగా, 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు కింది కోర్టు తీర్పును పునరుద్ధరించింది. మిగిలిన ముగ్గురు జైలుకు వెళ్ళారు. జయలలితగారు అంతకు రెండు నెలల ముందే, 2016 డిసెంబరు 5న కన్నుమూశారు. చార్జిషీటు నుండి తుది తీర్పుకు ఇరవై యేళ్ళు పట్టింది.

నేను ఏ పార్టీవాడినీ కాను. ప్రత్యర్థి ప్రభుత్వం ఉంటే ప్రాసిక్యూటరు కక్షకు పనిముట్టవుతాడన్న భయం, సొంత ప్రభుత్వం ఉంటే చూసీ చూడనట్టు పోతాడన్న భయం రెండూ నిజమైనవే. ప్రాసిక్యూటరు పని ఎలాగైనా శిక్ష వేయించడం కాదు, ఉన్న సాక్ష్యాన్ని దాచకుండా కోర్టు ముందుంచడం. అందుచేత నియామకానికీ తొలగింపుకూ కూడా హైకోర్టు సంప్రదింపు ఉండాలని, కారణాలు కాగితంమీద రాయాలని చట్టంలోనే పెడితే మంచిదని నా అభిప్రాయం. ఫైలులో నోటు లేకుండా పెన్సిలు కూడా కొననివ్వని ఉద్యోగాలు చేసినవాళ్ళం మనం. ఒక మనిషి జైలుకు పోవడం, ఇంకొక మనిషికి న్యాయం దక్కడం ఆధారపడిన నియామకానికి ఆపాటి నోటు ఉండవద్దా?

బాధితులు తమ వకీలును ప్రాసిక్యూషనుకు సాయంగా పెట్టుకోవడానికి కోర్టు అనుమతించవచ్చునని 2009 చివర అమలైన సవరణతో చట్టంలో చేరింది. అది మేలే. కాని వకీలును పెట్టుకొనే స్తోమత ఆ తల్లికి లేదు. ఆమెకున్నది సర్కారు వకీలు ఒక్కరే. ఆయన ఎవరి వైపని మళ్ళీ ఏ తల్లీ ఏ గుమాస్తానూ అడగవలసిన అవసరం రాకూడదని నా కోరిక.