పలకరాతిపై రూబెన్స్, పూలదండలో మరియమాత

ధవళేశ్వరం కొండమీద జనార్దనస్వామికి దండ గుచ్చాలంటే పూలకు కరువుండదు. కడియపులంక పూల మార్కెట్ పక్కనే ఉంది. దండ సాయంత్రానికి వాడినా బెంగలేదు, మర్నాటికి మరొకటి. చలికాలంలో పూలు దొరకని దేశాల్లో ఆ భరోసా లేదు. నాలుగైదు వందల ఏళ్ల కిందట అక్కడివాళ్లు దేవుడి బొమ్మనూ, చుట్టూ దండనూ చెక్కుచెదరకుండా నిలపాలని రాయి, రాగి, వెండి, అన్నీ ప్రయత్నించారు.

గుడ్డ చివుకుతుంది, చెక్క పుచ్చుతుంది. రాతి మీద తైలవర్ణాలు వేయడం రోమ్‌లో 1530 ప్రాంతంలో చిత్రకారుడు సెబాస్టియానో దెల్ పియోంబో చేతిమీదుగా ప్రచారంలోకి వచ్చింది. అంతకు మూడేళ్ల ముందే సైన్యాలు ఆ నగరాన్ని దోచుకున్నాయి. శాశ్వతమైనదేదో కావాలనిపించడంలో వింతేముంది?

ఆంట్వెర్ప్ చిత్రకారుడు పీటర్ పాల్ రూబెన్స్ మాత్రం రాతిని ఎంచుకున్నది శాశ్వతత్వం కోసం కాదు. రోమ్‌లోని వల్లిచెల్లా చర్చి కోసం గుడ్డమీద వేసిన బొమ్మ, వెలుతురు పడి మిలమిల మెరుస్తూ సరిగా కనిపించలేదు. దాంతో 1608లో అంతా మళ్లీ పలకరాతి మీద, భాగాలుగా వేశాడు. మన మార్కాపురం పలకల జాతి రాయే అది, మెరుపు తక్కువ. మధ్య చిత్రం ఎత్తు నాలుగు మీటర్లు దాటుతుంది. అందులో దేవదూతలు గుమిగూడి ఎత్తిపట్టుకున్న కోలాకారపు చట్రంలో రాగి రేకు మీద మరియమాత. ఆ రేకు పైకి జరుగుతుంది. వెనక పాత గోడచిత్రం, రాయి తగిలి నెత్తురు కార్చిందని భక్తులు నమ్మే మూలరూపం. గర్భగుడి ముందు తెర తీసే ఘడియ తెలిసినవారికి ఇది వివరించక్కర్లేదు.

పూలదండ ఆలోచన మిలాన్ ఆర్చిబిషప్ ఫెదెరికో బొరోమియోది. చలికాలంలో పూలు లేని లోటు బొమ్మలు తీరుస్తాయని రాసుకున్న మనిషి. ఆయన కోసం ఆంట్వెర్ప్ నుంచి యాన్ బ్రూగెల్ 1608 ప్రాంతంలో రాగి రేకు మీద దండ వేశాడు. నడుమ వెండి రేకు మీద తల్లీబిడ్డలను హెండ్రిక్ వాన్ బాలెన్ వేశాడు. బ్రూగెల్ పూలను ఎదురుగా చూస్తేగానీ వేసేవాడు కాదు. తమ ఊళ్లో దొరకనివాటి కోసం బ్రసెల్స్ వెళ్లేవాడు. ఒకే కాలంలో పూయని పూలు కూడా ఆయన దండలో పక్కపక్కన విచ్చుకుని ఉంటాయి. నిజమైన ఏ తోటమాలీ కట్టలేని దండ అది.

బ్రూగెల్ శిష్యుడు, జెస్యూట్ అనే కాథలిక్ సన్యాసి సంఘపు సోదరుడు డానియల్ సెగర్స్ (1590–1661) కథను తిరగేశాడు. అసలు రాయే అక్కర్లేదు. గుడ్డమీదే చెక్కుడు రాయిని వేసి, చుట్టూ గులాబీలు, ట్యూలిప్‌లు అల్లేవాడు. తాను వేసినవి 239 అని సొంత జాబితా రాసిపెట్టుకున్నాడు. జెస్యూట్లు వాటిని అమ్మలేదు, రాజులకు కానుకగా పంపారు. 1566లో ఆంట్వెర్ప్ చర్చిల్లో విగ్రహాలు పగలగొట్టింది ప్రొటెస్టెంట్లు. అయినా అదే మతంవాడైన ఆరెంజ్ యువరాజు ఫ్రెడరిక్ హెన్రీ సెగర్స్ పూలు అందుకుని, బదులుగా బంగారు కానుకలు పంపాడు.